చల్లటి వైపు కావలెను

రిటైరయ్యాక కొందరు వాకింగు మీదికి మళ్ళుతారు, కొందరు భాగవతం మీదికి, కొందరు కోడలి మీదికి. బెజవాడలో మా కాలనీ ఇంజను బాబాయి స్టిర్లింగు ఇంజను మీదికి మళ్ళారు.

ఆ ఇంజనుకి పెట్రోలక్కర్లేదు, డీజిలక్కర్లేదు, పేలుడూ పొగ గొట్టమూ అసలే లేవు. డబ్బాలో బంధించిన గాలిని ఒక కొసన కాల్చి, రెండో కొసన చల్లారిస్తే చాలు. వేడెక్కిన గాలి ఉబ్బి పిస్టన్‌ని తోస్తుంది. చల్లారిన గాలి ముడుచుకుంటే బయటి గాలి ఆ పిస్టన్‌ని తిరిగి లోపలికి నెడుతుంది. లోపలి గాలిని ఈ కొస నుంచి ఆ కొసకి మార్చడానికి డిస్‌ప్లేసరని ఒక వదులు దిమ్మ. అది పిస్టన్ కన్నా పావు చుట్టు ముందు నడవాలి. అంతే. ఈ ‘అంతే’ అన్న మాట బాబాయి తన పదవీ విరమణ సన్మానం రోజున దండ మెడలో ఉండగానే అన్నారు. అదింకా పూర్తి కాలేదు.

ఇంట్లో మొదట పోయింది పాలపొడి డబ్బా. తర్వాత గిన్నెలు తోమే స్టీలు పీచు డిస్‌ప్లేసరైంది. మనవడి పుట్టినరోజుకి తెచ్చిన బెలూన్లు పిస్టన్ బదులు పనికొచ్చాయి. సైకిలు స్పోకు క్రాంకైంది. ఘంటసాల పాటల సీడీ ఫ్లైవీలైంది. “మా ఇంట్లో ఘంటసాల గారు ఇప్పటికీ తిరుగుతున్నారమ్మా, పాడటమే మానేశారు” అంటుంది పిన్ని.

తిరగడమంటే, అది మనం చూసేటప్పుడు కాదు. స్టిర్లింగు కట్టేవాళ్ళందరిదీ ఒకటే స్వాగత వచనం: “అయ్యో, ఇప్పటిదాకా తిరిగిందండీ, మీరు గేటు తీసేసరికి ఆగింది.” తర్వాత స్పిరిట్ దీపం వెలుగుతుంది. డబ్బా అడుగు ఎర్రబడుతుంది. బాబాయి చూపుడు వేలితో చక్రాన్ని ఒక్క తోపు తోస్తారు. అది రెండు చుట్లు తిరిగి, మర్యాదగా ఆగుతుంది. ఇంకో తోపు. ఆ వేలుకి ఇప్పుడు కాయ కాసింది. లీకా, రాపిడా అన్న విచారణ మొదలవుతుంది. అతుకులన్నిటికీ సబ్బు నీళ్ళు పూస్తారు, బుడగలొస్తే ఎంసీల్ పూస్తారు. మీరొచ్చిన పని ఏమిటో మీకే గుర్తుండదు.

ఒకసారి వాళ్ళ అల్లుడు సాయం చేద్దామని కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు పిస్టన్ మీద వేశాడు. బలమున్న ఇంజనుకి నూనె మేలే గానీ, ఈ బక్క ప్రాణానికి ఆ జిగటే పెద్ద బరువు. అందుకే ఇలాంటి చిన్నవాటికి గాజు గొట్టంలో పొడి గ్రాఫైటు పిస్టన్ వాడతారు. సంక్రాంతికి పెట్టాల్సిన కొత్త బట్టలు ఆ ఏడు అల్లుడికి పిన్నే పెట్టింది. మామగారు వర్క్‌షాపు లోంచి బయటికి రాలేదు.

బాబాయికి ఆరాధ్యదైవం రాబర్ట్ స్టిర్లింగ్. స్కాట్లండులో చర్చి పాదిరీ, 1816లో ఈ ఇంజనుకి పేటెంటు తీసుకున్నాడు. పొద్దున్నే స్నానం చేసి “మా పాదిరీగారు, మా పాదిరీగారు” అంటుంటే, బాబాయి మతం పుచ్చుకున్నారని గుడివాడ చుట్టాల్లో పెద్ద గొడవైంది. ఆ పాదిరీ కూడా ఈ తరహా మనిషే. తమ్ముడు జేమ్సుతో కలిసి డండీ ఫౌండ్రీలో పెద్ద ఇంజను నడిపించాడు. వేడి కొస సిలిండర్లు మాడి చిల్లులు పడి, కొన్నేళ్ళకే దాన్ని తీసేశారు. అయినా 1876లో, ఎనభై అయిదేళ్ళ వయసులో, బెస్సిమర్ ఉక్కు వచ్చింది కాబట్టి ఇక తన ఇంజనుకి మంచి రోజులేనని ఉత్తరం రాశాడు. ఆ సంగతి చెప్పి బాబాయి “చూశావా, నాకింకా టైముంది” అంటారు. పిన్ని గోడ మీది క్యాలెండరు వైపు చూస్తుంది.

“దీంతో ఏం చేస్తారండీ?” అని మాత్రం వాళ్ళింట్లో అడక్కూడదు. అడిగితే గంట పాఠం. ఫిలిప్స్ కంపెనీ రేడియోలకి కరెంటివ్వడానికి దీంతో జనరేటర్లు చేసింది. ఇదే యంత్రాన్ని మోటారు పెట్టి తిప్పితే ఫ్రిజ్ అవుతుంది, గాలినే ద్రవం చేసేంత చలి పుట్టిస్తుంది. స్వీడన్ నేవీ గోట్‌లండ్ జలాంతర్గాములు చప్పుడు కాకుండా రోజుల తరబడి నీళ్ళడుగున ఉండేది దీని బలంతోనే. “అయితే మనదీ ఓసారి కృష్ణలో దింపండి, నాక్కాస్త చప్పుడు తగ్గుతుంది” అంది పిన్ని.

అసలు శత్రువు లీకూ కాదు, రాపిడీ కాదు, బెజవాడ. 1824లోనే కార్నో అనే ఇంజనీరు తేల్చిపారేశాడు: వేడి ఎంతుందన్నది కాదు, వేడికీ చలికీ తేడా ఎంతన్నదే లెక్క. ఈ ఊళ్ళో వేడి వైపు అడక్కుండానే దొరుకుతుంది. చల్లటి వైపు ఎక్కడ తెస్తారు? ఏప్రిల్ నుంచీ ట్యాంకు నీళ్ళే టీ పెట్టుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. అమెరికాలో సెన్ఫ్ట్ అనే లెక్కల ప్రొఫెసరు అర డిగ్రీ తేడాకే తిరిగే ఇంజను చేశాడని తెలిసి, బాబాయి రెండు అల్యూమినియం పళ్ళేల మధ్య థర్మోకోల్ డిస్‌ప్లేసర్ పెట్టి ఒకటి కట్టారు. అది కాఫీ కప్పు మీద కూర్చుంటుంది. ఎవరి కప్పు? వచ్చినవాళ్ళ కప్పు! 70 డిగ్రీల కాఫీకీ 40 డిగ్రీల గదికీ మధ్య, ఏ లోపమూ లేని ఇంజనుకైనా వేడిలో నూటికి 9 పాళ్ళకి మించి పని దక్కదు. ఆ 9 పాళ్ళ కోసం వాళ్ళింట్లో వేడి కాఫీ తాగినవాడు లేడు.

నా అనుమానమేమిటంటే, స్టిర్లింగు కట్టే ఈ జాతికి తిరిగే ఇంజను అక్కర్లేదు. తిరగబోయే ఇంజనే కావాలి. చక్రం బాగా తిరుగుతోందంటే బాబాయి మొహంలో ఏదో వెలితి కనిపిస్తుంది. విప్పేస్తారు. ఆటోనగర్ లేత్ మేస్త్రి ఆయన స్కూటరు చప్పుడు వినగానే మిషను కట్టేసి భోజనానికి వెళ్ళిపోతాడు, పదకొండింటికైనా సరే.

మొన్న మే నెలలో మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. పిన్ని మజ్జిగలోకని తీసిన ఐసు ట్రే బాబాయి కంటబడింది. పళ్ళేల ఇంజనుని దాని మీద పెట్టి వేలితో తోశారు. ఆగింది. మళ్ళీ తోశారు, మళ్ళీ ఆగింది. పిన్ని ట్రే లాక్కోబోతుంటే గాజుల చెయ్యి తగిలి చక్రం వెనక్కి కదిలింది. అంతే, రివ్వున తిరగడం మొదలెట్టింది! చలి కింద, వేడి పైన. అంటే అంతా తారుమారు, కాబట్టి చక్రమూ ఎదురు తిరిగింది. వీధంతా వచ్చి చూశాం. అన్ని ఇళ్ళలో ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి, అదొక్కటే తిరుగుతోంది. ఐసు కరిగి టేబులంతా నీళ్ళయినా ఆగలేదు. మజ్జిగ వెచ్చగానే తాగాం. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

బాబాయి కళ్ళద్దాలు పైకి తోసుకుని, మెడ వంచి కాసేపు చూశారు.

“తిరుగుతోంది గానీ, క్రాంకు అర మిల్లీమీటరు తగ్గిస్తే... ఏమే, ఆ స్క్రూడ్రైవరిలా పట్రా.”