నేను చెడిపోలేదు: ఒక ఇన్‌లెట్ వాల్వ్ ఆత్మకథ

డిష్‌వాషర్‌లోకి నీళ్లు రాకపోతే మొదటి నింద నా మీదే పడుతుంది. నన్ను ఇన్‌లెట్ వాల్వ్ అంటారు. మెషిన్ వెనక కింది మూలన ఉంటాను. కుళాయి నుంచి వచ్చే గొట్టం బిగించేది నా మెడకే. గుప్పిట్లో పట్టేంత ప్లాస్టిక్ ఒళ్లు, లోపల రాగి తీగ చుట్ట, చిన్న ఇనుప పుల్ల, ఒక స్ప్రింగు, ఒక రబ్బరు పొర. నా సంసారమంతా ఇంతే. ఇంట్లోవాళ్లకు మెషిన్ తలుపు తెలుసు, బటన్లు తెలుసు, ఉప్పు పోసే మూత తెలుసు. నా మొహం మాత్రం నేను చెడిపోయాననుకున్న రోజునే చూశారు.

గిన్నెలు కడిగే యంత్రాల వంశం పాతదే. అమెరికాలోని ఇల్లినాయిస్‌లో జోసెఫీన్ కోక్రేన్ అనే ఆవిడ 1886లో పేటెంట్ తీసుకుంది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆమె యంత్రాన్ని జనం చూశారు. ఆమె తొలి యంత్రాన్ని చేత్తో తిప్పేవారు. కరెంటుతో నడుస్తూ, తనంతట తానే నీళ్లు పట్టుకునే మెషిన్లు వచ్చాకే నాలాంటివాళ్లకు పని దొరికింది. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ పై అంతస్తుకు నేను వచ్చింది 2020లో. లాక్‌డౌన్‌లో పనివాళ్లు రాలేక, సింకులో అంట్లు గుట్టపడి, చాలా ఇళ్లవాళ్లు డిష్‌వాషర్ కొన్నది ఆ రోజుల్లోనే.

నా పని నాకు గర్వకారణం. నీళ్లు కావాల్సినప్పుడు మెషిన్‌లోని బోర్డు నాకు 230 వోల్టులు పంపుతుంది. చుట్ట అయస్కాంతమై ఇనుప పుల్లను పైకి లాగుతుంది. రబ్బరు పొర నడిమి సన్న రంధ్రం తెరుచుకుంటుంది. పొరను నొక్కిపట్టిన ఒత్తిడి అందులోంచి జారిపోగానే, కిందున్న నీళ్లే పొరను లేపి దారి చేసుకుంటాయి. కరెంటు ఆగితే పుల్ల దిగుతుంది, పొర మీద మళ్లీ ఒత్తిడి చేరుతుంది, దారి మూసుకుపోతుంది. నీళ్లను నా బలంతో ఆపను, వాటి బలంతోనే ఆపుతాను. అందుకే నాకు కొద్ది వాట్లు చాలు. నీళ్లు పట్టేటప్పుడు చెవి పెట్టి వింటే సన్నగా వినిపించే 'జుమ్' అనే చప్పుడు నాదే. ఇంటెడు అంట్లకూ పది లీటర్ల చుట్టుపక్కల నీళ్లే వదిలేవాణ్ని.

ఆ నీళ్ల గురించి కూడా చెప్పాలి. ట్యాంకులో నీటిమట్టం నాకంటే పది మీటర్ల ఎత్తున ఉంటే దాదాపు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మాది పై అంతస్తు. ట్యాంకు మూడు మీటర్ల ఎత్తులో ఉంటే వచ్చేది 0.3 బార్. చాలా మెషిన్లకు అది బొటాబొటి. నీళ్లు నెమ్మదిగా ఎక్కితే దానికీ నన్నే అనేవారు. పైగా బోరు నీళ్లు. ఉప్పు పోస్తున్నాం కదా, నీళ్లు మెత్తబడతాయి కదా అనుకుంటారు. ఆ ఉప్పు అర నా తర్వాత ఉంటుంది. నీళ్లలోని సున్నమంతా ముందు తగిలేది నాకే. నా మెడలోని జాలీకి తెల్లటి గార పట్టింది. పటకారుతో లాగి, బ్రష్షుతో రుద్ది, కుళాయి కింద కడిగితే పోయేదే. ఆ ఇంట్లో ఎవరూ ఒక్కసారీ ఆ పని చేయలేదు.

అంతకంటే పెద్ద అశ్రద్ధ ఇంకొకటి జరిగింది. పురుగుల మందు కొట్టించడానికి మెషిన్‌ను ముందుకు లాగారు. తిరిగి గొట్టం బిగించేటప్పుడు లోపలి వాషరు వంకరగా కూర్చుంది. అక్కణ్నించి చుక్కచుక్కగా కారడం మొదలైంది. కింద మడుగు కట్టేంత నీరు కాదు కాబట్టి ఎవరి కంటా పడలేదు. ఆ చుక్కలు నాకు కరెంటు తెచ్చే తీగ కొసన పడేవి, ఎండేవి, మళ్లీ పడేవి. తీగను క్లిప్పులో నొక్కిన చోట పచ్చగా చిలుము పట్టింది. చివరికి ఒకరోజు బోర్డు నన్ను పిలిచింది. ఆ పిలుపు నాదాకా రాలేదు.

మెకానిక్ వచ్చాడు. కుళాయి తిప్పి బకెట్లో నీళ్లు పట్టి చూశాడు. జాలీ కడిగాడు. అంతవరకూ మంచి పనే చేశాడు. తర్వాత నా రెండు తీగలూ పీకి, మెషిన్ నీళ్లు పట్టాల్సిన సమయంలో వాటి కొసలకు మీటరు పెట్టాడు. 230 చూపించింది.

"కరెంటు వస్తోంది సార్. అయినా నీళ్లు తీసుకోవట్లేదంటే వాల్వ్ పోయినట్టే. మార్చాలి."

"సరే, మార్చేయండి."

నా బతుకు మీద తీర్పు ఆ రెండు మాటల్లో అయిపోయింది. ప్లగ్గు పీకి, మీటరును ఓమ్స్‌లో పెట్టి నా రెండు పిన్నులకు తాకించి ఉంటే నిజం తెలిసేది. నాలాంటి 230 వోల్టుల చుట్టకు సాధారణంగా మూడు, నాలుగు వేల ఓమ్స్ చూపిస్తుంది. తీగ తెగిపోతే మీటరు అసలు కదలదు. ఆ కొలత ఎవరూ తీసుకోలేదు.

నన్ను బాల్కనీలో పాత పేపర్ల పక్కన పడేశారు. తడి ఆరిపోయి పొర బిగుసుకుపోతుంటే, లోపల కొత్త వాల్వ్‌తో మెషిన్ నడపడం విన్నాను. నీళ్లు రాలేదు. మళ్లీ నొక్కారు. రాలేదు. నా మీద పడ్డ నింద తప్పని తేలింది కదా, ఇప్పుడైనా ఎవరో ఒకరు నా దగ్గరికి వస్తారనుకున్నాను. ఎవరూ రాలేదు. నా మీద ఇంకో పేపర్ల కట్ట పడింది.

తర్వాత వేరే మెకానిక్‌ను పిలిచారు. వయసు మళ్లినవాడు.

"మొన్ననే కొత్తది వేయించామండీ. మళ్లీ అదే వరస," అంది ఇల్లాలు.

"పాతది ఉందా అమ్మా?"

"ఉంది, బాల్కనీలో పడేశాం. అది పోయింది కదండీ?"

"ఒకసారి ఇవ్వండి, చూద్దాం."

ఆయన నా పిన్నులు తుడిచి మీటరు పెట్టాడు. 3.8 కిలో ఓమ్స్. "ఇది బాగానే ఉందమ్మా, అనవసరంగా తీశారు," అన్నాడు. ఆ మాట కోసమే ఎదురుచూశాను.

ఆయన మెషిన్ వెనక కూర్చున్నాడు. తీగలు పీకి కొలిస్తే 230. అవే తీగలు వాల్వ్‌కు తగిలించి, అది పనిచేయాల్సిన సమయంలో కొలిస్తే 40 కూడా లేదు. అసలు కిటుకు ఇక్కడుంది. మీటరు దాదాపు కరెంటు వాడుకోదు. అందుకే చిలుము పట్టిన అతుకులోంచి కూడా దానికి నిండు వోల్టేజీ కనిపిస్తుంది. వాల్వ్ కరెంటు లాగిన మరుక్షణం ఆ అతుకు దగ్గరే వోల్టేజీ పడిపోతుంది. లోపల పూడుకుపోయిన పైపులో కుళాయి కట్టి ఉన్నంతసేపూ ఒత్తిడి నిండుగా ఉండి, తిప్పగానే ధార సన్నబడినట్టే ఇదీను. మొదటివాడి మీటరు అబద్ధం చెప్పలేదు. భారం లేనప్పుడు కొలిచి, భారం ఉన్నప్పటి సంగతి తేల్చేశాడు.

పెద్దాయన క్లిప్పు మీది తొడుగు వెనక్కి లాగాడు. చిలుము బయటపడింది. ప్లగ్గు పీకి, తీగను మంచి రాగి కనిపించేదాకా కత్తిరించి, కొత్త క్లిప్పు నొక్కాడు. వాషరు మార్చాడు. నీళ్లు వచ్చాయి. తగిలించినా పీకినా తీగల్లో కరెంటే లేకపోతే, అడుగు ట్రేలో నీళ్లు చేరి లోపలి ఫ్లోటు స్విచ్చి లేచిందేమో చూడాలని, ఆ తర్వాతే తీగల్నీ బోర్డునీ అనుమానించాలని ఆవిడకు చెప్పాడు. మెషిన్ కట్టేసి ఉన్నా దాని లోపలికి నీళ్లు కారుతుంటే మాత్రం తప్పు వాల్వ్‌దే, పొర కింద నలక ఇరుక్కుని ఉంటుందని కూడా చెప్పాడు. ఆ మాట న్యాయమే. మాలోనూ నిజంగా చెడేవాళ్లు ఉంటారు.

"దీన్ని దాచుకోండమ్మా, పనికొస్తుంది," అని నన్ను ఆవిడ చేతికిచ్చాడు. కొన్నాళ్లు కిటికీ గట్టు మీద ఉన్నాను. పండగ ముందు ఇల్లు దులిపినప్పుడు పాత సామాన్లవాడి సంచిలోకి వెళ్లాను. ఇప్పుడు ఒక షెడ్డులో తెగిన వైర్ల మధ్య ఉన్నాను. ఇక్కడ మా ప్లాస్టిక్‌ను కాల్చి రాగి తీస్తారు. ఆ నల్లటి పొగ పీల్చేది కాల్చే కూలీలే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటివి రిజిస్టరైన రీసైక్లర్లకు చేరాలి. నన్ను వాళ్లకు అప్పగించాలని ఎవరికీ తోచలేదు. నా రాగి చుట్ట ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 230 వోల్టులు ఇస్తే ఈ నిమిషమే తెరుచుకుంటాను.

నాకు జరిగింది మీ ఇంటి వాల్వ్‌కు జరగకూడదు. కరెంటు ఉన్న తీగల మీద మీటరు పెట్టడం తెలిసినవాళ్ల పని, మీరు చేయొద్దు. మీరు చేయాల్సింది అడగడం. "వాల్వ్ పోయింది" అని మెకానిక్ అనగానే, చుట్ట ఎన్ని ఓమ్స్ చూపించిందో అడగండి. తీగలు తగిలించి కొలిచారా, పీకి కొలిచారా అని అడగండి. ఆ అంకెలు బిల్లు మీద రాయించుకోండి. బాగున్నదని తేలితే పాతదాన్నే తిరిగి బిగించమనండి.