పెళ్లి సీడీకి టీకా తాత్పర్యం

మూలం: "సీడీ-ఆర్ 700 ఎంబీ 80 నిమిషాలు 52ఎక్స్ పార్ట్-2."

అవతారిక: ఈ ఏకవాక్య గ్రంథానికి వస్తువు ప్రొద్దుటూరు కల్యాణమండపంలో జరిగిన ఒక పెళ్లి. లేఖకుడు జమ్మలమడుగు స్టూడియో కుర్రవాడు. ప్రస్తుత నివాసం పులివెందులలో అల్లుడిగారి బీరువా, పట్టుచీరల అడుగున. జీలకర్ర బెల్లంతో చక్కగా మొదలయ్యే ఈ పార్ట్-2 తలంబ్రాల దగ్గర బిగుసుకుపోతోంది. బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతోంది, నాదస్వరం ఒక్క స్వరం మీదే నిలిచిపోతోంది. వ్యాఖ్యానం అవసరమైంది అందుకే.

ప్రతిపదార్థం: సీడీ-ఆర్ అనగా ఒక్కసారే రాయదగినది. 1.2 మి.మీ. మందం పాలికార్బొనేట్ బిళ్ల, దానిమీద రంగు పొర, ఆపైన అద్దంలా మెరిసే లోహపు పొర, అన్నిటికీ పైన వార్నిష్ పూత. ఫిలిప్స్, సోనీ కలిసి 1990లో వెలువరించిన ఆరెంజ్ బుక్ దీనికి సూత్రగ్రంథం. 80 నిమిషాలు అనగా, సెకనుకు 1.2 మీటర్ల చొప్పున, 5,760 మీటర్ల గాడి. జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దారిలో ఇది మూడో వంతు దాటుతుంది. అదంతా అరచేతి వెడల్పు బిళ్లలో లోపలి నుంచి బయటికి చుట్టుకొని ఉంది. 52ఎక్స్ అనగా పాట వినే వేగానికి 52 రెట్లు. అప్పుడు బిళ్ల నిమిషానికి పదివేల చుట్ల దాకా తిరుగుతుంది.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో "ఆర్‌డబ్ల్యూ" అని ఉంటుంది. అక్కడ రంగుకు బదులు వెండి, ఇండియం, యాంటిమొనీ, టెల్లూరియం కలిసిన పలుచని పొర. లేజర్ దాన్ని దాదాపు 600 డిగ్రీల దగ్గర కరిగించి వదిలేస్తే, చప్పున చల్లారి స్ఫటిక క్రమం తప్పుతుంది, మసకబారుతుంది. 200 డిగ్రీల దగ్గర కాస్త నిలిపితే మళ్లీ స్ఫటికమై మెరుస్తుంది. ఇలా వెయ్యిసార్ల దాకా చెరిపి రాయవచ్చు. పెళ్లి విషయంలో ఇంత వెసులుబాటు తగదని పెద్దలు "ఆర్" పాఠాన్నే స్వీకరించారు.

శంక: లేజర్ కూడా ఉలిలా గుంటలు చెక్కుతుందా?

సమాధానం: చెక్కదు. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో రేనాటి చోళుడు ఎరికల్ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించిన తొలి తెలుగు శాసనంలో అక్షరం ఉన్నచోట రాయి లేదు. ఇక్కడ బయటికి పోయేదేమీ ఉండదు. 780 నానోమీటర్ల లేజర్ కాంతిని రంగు పొర పీల్చుకొని కాగుతుంది, విచ్ఛిన్నమవుతుంది. ఆనుకొని ఉన్న ప్లాస్టిక్కూ మెత్తబడి ఉబ్బుతుంది. ఆ చోటు నుంచి తిరిగొచ్చే కాంతి తగ్గుతుంది. అదే గుర్తు.

మరో శంక: గుర్తు ఉంటే ఒకటి, లేకుంటే సున్నా కదా?

సమాధానం: అదీ కాదు. గుర్తు మొదలయ్యే అంచున ఒకటి, ముగిసే అంచున ఒకటి. నడుమ ఉన్నవన్నీ సున్నాలే. అందుకే గుర్తుల పొడవులు ముఖ్యం. అవి తొమ్మిది రకాలు, అన్నిటికంటే పొట్టిది 0.83 మైక్రాన్లు.

అలంకారం: భ్రాంతిమంతం. మాడిన రంగు మచ్చను చూసి, ఫ్యాక్టరీలో అచ్చుపోసిన సినిమా పాటల సీడీలోని గుంట అని ప్లేయర్ పొరబడుతుంది. ఆ పొరపాటు జరిగితేనే పెళ్లి కనబడుతుంది.

విశేషాలు: తొలినాళ్ల సీడీ-ఆర్‌లలో అద్దం పొర అసలైన బంగారమే. రంగు పొర తగిలినా తుప్పు పట్టదు, కాంతిని బాగా తిప్పి పంపుతుంది. తర్వాత ధర తగ్గించడానికి వెండి వచ్చింది. బంగారం బజారుకు పేరుపడ్డ ప్రొద్దుటూరులో ఈ సంగతి ముందే తెలిసి ఉంటే, ఆ పెళ్లివారు పాత రకం డిస్కే అడిగి ఉండేవారు.

ఇక మూలంలోని "పార్ట్-2". మిగతా మాటలు కంపెనీ అచ్చు, ఇది మాత్రం బాల్‌పెన్నుతో నొక్కి రాసిన ప్రక్షిప్తం. మెరిసే వైపు గీత పడకూడదని ఇల్లంతా జాగ్రత్తపడింది. కానీ అటువైపు 1.2 మి.మీ. ప్లాస్టిక్ కాపలా ఉంది. పేరు రాసే వైపు లోహపు పొరకు అడ్డం కొన్ని మైక్రాన్ల వార్నిషే. పెన్ను ములుకు అక్కడ దిగితే కింది వెండి, రంగు రెండూ చెదురుతాయి. తలంబ్రాలు ఆగిపోవడానికి వ్యాఖ్యాత అనుమానించే కారణం ఇదే.

ఫలశ్రుతి: ఈ టీకా చదివినవారు వెంటనే బీరువా తెరవాలి. సీడీ డ్రైవ్ ఉన్న పాత కంప్యూటర్ బంధువుల్లో ఎవరి దగ్గరుందో కనుక్కొని, పార్ట్-1, 2, 3 అన్నీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, ఇంకో ప్రతి వేరేచోట పెట్టుకోవాలి. డిస్కు మీద పేరు రాయాల్సి వస్తే మెత్తని మార్కరే వాడాలి. రంగు పొర వెలుతురుకూ వేడికీ పాడవుతుంది. కడప జిల్లా ఎండలు ఎలాంటివో వేరే చెప్పనక్కర్లేదు.