కడుపులో పంపు డ్యూటీ

1988లో బదిలీ ఫిల్లర్‌గా (పర్మినెంట్ కాని, బొగ్గు నింపే కార్మికుడిగా) మస్టర్ పడి, తర్వాత పంపు ఆపరేటర్‌నై, రిటైరయ్యేదాకా శ్రీరాంపూర్ ఏరియా బొగ్గు బాయిలో నీళ్లు తోడిన మనిషిని నేను. బాయిలో ఊరే నీళ్లన్నీ సంపులో చేరతాయి. సంపు నిండకముందే పంపు వేయాలి. ఆపరేటర్ కునుకు తీస్తే బాయి మునుగుతుంది, బాయి మునిగితే ఛార్జిషీటు పైకి తేలుతుంది. ఇంత సర్వీసున్న నన్ను కూర్చోబెట్టి, మా చిన్నబిడ్డ వయసున్న ఒక డాక్టరమ్మ మంచిర్యాలలో ఏమన్నదంటే, "అంకుల్, మీ కడుపుల గూడ పంపులున్నయ్. అవి బాగ నడుస్తున్నయ్, కొన్ని దినాలు బంద్ వెడ్దాం." పంపు బాగా నడుస్తోందని నన్ను తప్పుపట్టిన మొదటి ఆఫీసర్ ఆమే.

అక్కడిదాకా ఎలా వచ్చానంటే, అంతా గ్యాస్ వల్ల.

మా నస్పూర్‌లో (2025లో మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసిందన్నారు గానీ, మాకింకా అది నస్పూరే) రోగాలు రెండు రకాలు. ఒకటి గ్యాస్, రెండోది గ్యాస్ కానిది. దవాఖానలో బయటపడేదాకా రెండోది కూడా గ్యాసే. నడుం పట్టిందా, గ్యాస్. తల తిరిగిందా, గ్యాస్. దావత్‌కు వచ్చిన అల్లుడు ముభావంగా ఉన్నాడా, పాపం గ్యాస్ పట్టినట్టుంది, ఓ గోలీ ఇవ్వండి. బాయిలో మాత్రం గ్యాస్ అంటే ఇంత అగ్గువ కాదు. మైనింగ్ సర్దార్ సేఫ్టీ ల్యాంపు పట్టుకుని కప్పు కింద మంట చూసి కొలుస్తాడు. మీథేన్ ఒకటింబావు శాతానికి వచ్చిందంటే కరెంటు బంద్, మనుషులు బయటికి. పైన కాలనీలో ఎవరూ కొలవరు. నేరుగా గోలీ.

ఆ గోలీ పేరు పాంటోప్రజోల్. ఆ పేరు పెట్టి అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. "పసుపుపచ్చది ఒక షీటియ్యి" అంటే షాపులో పిల్లగాడు తల కూడా ఎత్తకుండా ఇచ్చేస్తాడు. డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని దాని మీద అచ్చేసి ఉంటుంది. చీమ కళ్లజోడు పెట్టుకుంటే చదవగలదు.

బాయి దిగి ఎక్కి నా మోకాళ్లు అరిగాయి. నొప్పికి డైక్లోఫెనాక్ మొదలుపెట్టాను. మా బామ్మర్ది హాలర్ ఆపరేటర్‌గా రిటైరయ్యాడు. బరువును తాడు కట్టి లాగడం తప్ప అతనికి వేరే శాస్త్రం తెలియదు, అయినా చెప్పాడు: "బావా, నొప్పి గోలీ కడుపుల మంట వెడ్తది. దాని ఎనుకనే గ్యాస్ గోలీ ఎయ్యి. ముంగట దొంగ, ఎనుక పోలీసు." మాట వినసొంపుగా ఉంది. ఏడాదిన్నర ఆ దొంగనూ పోలీసునూ ఒకే గుక్క నీళ్లతో మింగాను. ఒకరోజు పొద్దున, ఒకరోజు రాత్రి బువ్వ తిన్నాక, ఒకరోజు ఆదివారం మటన్ తిని వక్కపలుకు నమిలాక. గొంతులో అడ్డం పడుతోందని కొన్నాళ్లు గోలీని కూడా నమిలాను. ఒక ఎండాకాలం సగానికి విరిచి రెండు రోజులకు సర్దుకున్నాను. పొదుపరిని.

ఇక్కడ ఒక విషయం చెప్పడానికి సిగ్గుపడకూడదు. ఆ రోజుల్లో దొడ్డికి నల్లగా పోవడం మొదలైంది. మామూలు నలుపు కాదు, రోడ్డు మీద కాగిన తారు. వేరేవాళ్లయితే అదిరిపోయేవాళ్లు. నేను ముప్పై మూడేళ్లు నల్లగా ఉమ్మినవాణ్ణి, నల్లగా తుమ్మినవాణ్ణి. లోపల మిగిలిన బొగ్గు ఇప్పటికి దిగుతోంది కాబోలు అనుకుని ఊరుకున్నాను. పట్టుకున్నది మా ఆవిడ. "ఏందయ్యా, మెట్లెక్కితె గస వోస్తున్నవ్, మొఖం సున్నమేసిన గోడ లెక్క అయింది" అని ఆటో మాట్లాడింది. అప్పటికి నా ఒంట్లో హిమోగ్లోబిన్ ఎనిమిది. కడుపులో పుండు పడి, నెత్తురు కొద్దికొద్దిగా కారి, లోపల అరిగి నల్లబడి బయటికి వస్తోందన్నమాట. ఐరన్ గోలీలు వేసుకునేవాళ్లకు కూడా నల్లగానే పోతుందట గానీ, నేను ఐరన్ మింగింది లేదు. నొప్పి గోలీలు వాడుతూ తారులాంటి నలుపు చూసినవాళ్లు ఆ రోజే దవాఖానకు పోవాలి. నాలాగా బొగ్గు మీద తోసేయకూడదు.

ఎండోస్కోపీ అంటే ఏమిటో బాయి మనిషికి వివరించనక్కర్లేదు. క్యాప్ ల్యాంపు పెట్టుకుని ఒకడు ఇంక్లైన్ (బాయిలోకి పోయే ఏటవాలు దారి) దిగుతాడు, అంతే. తేడా ఏమిటంటే ఈసారి ఇంక్లైన్ నేను. గొంతులో మొద్దుబార్చే మందు కొట్టి, లైటున్న పైపు దింపారు. తర్వాత ఫొటో చూపించారు. ఎర్రటి గోడ, అందులో పెచ్చు ఊడిన రూఫ్‌లా ఒక గుంట. కడుపు గోడకు సొంతంగా ఒక జిగట పొర ఉంటుంది, యాసిడ్ నుంచి కాపాడేది అదే. ఆ పొరను నిలబెట్టే పదార్థాల తయారీని నొప్పి గోలీ ఆపేస్తుంది. అంటే సపోర్టు పీకేసి రూఫ్ కింద కూర్చోవడం. మరి పోలీసు ఏం చేస్తున్నట్టు?

"ఎప్పుడు ఏస్కుంటరు అంకుల్, ఆ గోలీ?" అంది డాక్టరమ్మ.

"యాదికొచ్చినప్పుడు బిడ్డా."

ఆమె పెన్ను కింద పెట్టింది. అప్పుడు చెప్పింది పంపుల కథ. మా పంపు నీళ్లను బయటికి తోడితే, కడుపు గోడలోని పంపులు యాసిడ్‌ను లోపలికి పోస్తాయి. చాలావాటికి తిండి వచ్చేదాకా రెస్టు. మనం తినడం మొదలుపెట్టగానే డ్యూటీ ఎక్కుతాయి. గోలీకి నడుస్తున్న పంపే చిక్కుతుంది, ఆగి ఉన్న దాన్ని అది పట్టుకోలేదు. నాగా పెట్టినవాణ్ణి బాయిలో వెతికితే దొరుకుతాడా? అందుకే పొద్దున టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు, పరగడుపున, మంచినీళ్లతో వేసుకోవాలి. పంపులు డ్యూటీ ఎక్కేసరికి మందు నెత్తురులో కాపలా కాస్తుండాలి. గోలీ వేసుకుని పదింటిదాకా ఏమీ తినకపోయినా దండగే. మందు రెండు మూడు గంటలు చూసి వెళ్లిపోతుంది, అప్పుడు పంపులు లేస్తాయి.

నమలడం గురించి చెబితే ఆమె నవ్వలేదు కూడా. ఈ మందు యాసిడ్ తగిలితే చెడిపోతుంది. అందుకే దానికి పైన ఒక పూత. ఆ పూతతో కడుపు దాటి, పేగులో కరిగి, నెత్తురులో కలిసి, తిరిగొచ్చి వెనక గల్మ నుంచి పంపు గదిలోకి దూరుతుంది. నేను గల్మ బయటే దాని చొక్కా చింపేశాను. విరిచి సగం దాచిన ఎండాకాలం సంగతి ఆమెకు చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

మందు ఒకసారి పట్టుకున్న పంపు ఇక నడవదు, కడుపు కొత్తది బిగించుకోవాల్సిందే. అందుకే రోజూ ఒకటి వేయాలి, పూర్తి గుణం కనబడటానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఛాతీ మండుతోందని ఇప్పుడు మింగి ఐదు నిమిషాల్లో చల్లారలేదని రెండోది మింగేవాళ్లు మా కాలనీలో వీధికి నలుగురు. ఈ రకం మందుల్లో మొదటిదైన ఒమెప్రజోల్ స్వీడన్‌లో అమ్మకానికి వచ్చింది 1988లోనే. అదీ నేనూ ఒకే ఏడాది మస్టర్ పడ్డాం. అది పని నేర్చుకుని వచ్చింది, నేను వచ్చి నేర్చుకున్నాను.

పుండుకు ఇంకో కారణం కూడా ఉంటుందట, హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి. అల్సర్ అంటే కారమూ కోపమూ అని లోకమంతా అనుకునే రోజుల్లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లు కాదన్నారు. నమ్మినవాళ్లు తక్కువ. 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రావణాన్ని తానే తాగేశాడు. కొన్ని రోజుల్లో వాంతులు, కడుపు లోపల వాపు. బాయిలో గ్యాస్ లేదంటే అగ్గిపుల్ల గీసి చూపించే రకం! 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. గ్యాస్ గోలీ వాడుతుంటే ఈ క్రిమి పరీక్ష తప్పు చెప్పే వీలుందని, తర్వాత రెండు వారాలు గోలీ ఆపించి మరీ నాకు చేయించారు. లేదని తేలింది. నా పుండు నోబెల్‌దాకా పోయేది కాదు, బామ్మర్ది దగ్గరే ఆగింది.

ఇంటికొచ్చాక అసలు యుద్ధం. పరగడుపు మా ఇంట్లో ఒక్కటే, దానికి హక్కుదారులు ఇద్దరు. మా ఆవిడ థైరాయిడ్ గోలీ కూడా పరగడుపుదే. పైగా నా గోలీ వాడేవాళ్లకు థైరాయిడ్ గోలీ సరిగా ఒంటబట్టకపోవచ్చని దవాఖానలో చెప్పి పంపారు. అది ఇద్దరివీ ఒకే మనిషి మింగితే వచ్చే చిక్కు. మా ఆవిడ మాత్రం నా డబ్బాను తన డబ్బా పక్కన కూడా పెట్టనివ్వలేదు, గాలి తగులుతుందని. "నీ పంపులు నీ అల్మార్ల వెట్టుకో." ఆరింటికి ఆమె, ఆరుంబావుకు నేను. మధ్యలో చాయ్ జోలికి ఎవరూ పోకూడదు. ముప్పై మూడేళ్ల షిఫ్టుల్లో ఇంత కట్టుదిట్టమైన టైమ్ నేను చూడలేదు.

మంచం సంగతి కూడా చెప్పాలి. తిన్న వెంటనే పడుకోవద్దు, తలవైపు జానెడు ఎత్తు పెంచుకోండి అన్నారు. ఇది నాకు వెంటనే అర్థమైంది. నీళ్లు డిప్ వైపు పోతాయి, రైజ్ వైపు ఎక్కవు. తలవైపు రెండు కోళ్ల కింద ఇటుకలు పెట్టి, తల రైజ్ సైడ్, కాళ్లు డిప్ సైడ్ చేశాను. యాసిడ్ గొంతులోకి రావడం ఆగింది. నేనే రాత్రంతా జారి తెల్లారేసరికి కాళ్లపట్టీ దగ్గర తేలుతున్నాను.

గోలీల డబ్బా తీసుకుపోతే డాక్టరమ్మ ఒక్కొక్కటే ఏరింది. పేరు చివర డీ అని ఉన్న షీటు పక్కన పడేసింది. అందులో డోంపెరిడోన్ కూడా ఉంటుంది, వాంతి మందు. అరవై దాటినవాళ్లకు గుండె లయ తప్పించే ప్రమాదముంది. 2014లో యూరప్ మందుల సంస్థ దాన్ని వికారానికి, వాంతులకు మాత్రమే, మామూలుగా వారం దాటకుండా వాడాలని చెప్పింది. మా బామ్మర్ది దాన్ని నాలుగేళ్లుగా పొద్దున చాయ్‌తో పుచ్చుకుంటున్నాడు. నొప్పి గోలీ పూర్తిగా బంద్ చేసి, పారాసిటమాల్, మోకాళ్ల వ్యాయామం రాశారు. నాకు ఎనిమిది వారాల కోర్సు. ఏళ్ల తరబడి వాడితే మెగ్నీషియం, బీ12 తగ్గవచ్చట. హఠాత్తుగా మానేస్తే పంపులన్నీ ఒక్కసారి డ్యూటీకి ఎగబడి కొన్ని వారాలు మంట ఎక్కువవచ్చట. జనం దాన్నే రోగం తిరగబడిందనుకుని మళ్లీ మొదలుపెడతారు. మొదలుపెట్టడానికే కాదు, మానడానికీ అడగాలన్నమాట. గుండెకు స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లయితే ఈ గోలీని సొంతంగా మానకూడదు, రకాన్ని సొంతంగా మార్చనూ కూడదు.

ఎనిమిది వారాలు అయిపోయాయి. మళ్లీ ఇంక్లైన్ దిగి చూశారు, గుంట పూడింది. డబ్బాలో నాలుగు గోలీలు మిగిలాయి. మొన్న బామ్మర్ది వచ్చి, "బావా, ఛాతిల మంటలేస్తంది, నీ దగ్గర పసుపుది ఉంటె ఒక్కటియ్యి" అన్నాడు. గోలీ ఇవ్వలేదు. పొద్దున్నే ఆటోలో మంచిర్యాల తీసుకుపోయి ఓపీ చీటీ రాయించాను. టోకెన్ నంబరు పదిహేడు.