చూపులకు చేసిన గిటార్

మీ దగ్గర దాచడమెందుకు? చేత్తో ఏదైనా తయారుచేసే ప్రతివాడికీ ఈ జబ్బు కొంచెమో గొప్పో ఉంటుంది. వాడేవాడికి సుఖంగా ఉందా అన్న ఆలోచన వెనక్కి పోయి, చూసినవాళ్లు ఏమంటారో అన్న ఆరాటం ముందుకొస్తుంది. నాకది బాగా ముదిరిన రోజుల్లో ఒక ఎలక్ట్రిక్ గిటార్ చేశాను.

విజయవాడలో ఒక చర్చిలో వాయించే కుర్రాడు చేయించుకున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యేదాకా నిలబడే వాయించాలి. "అన్నా, బరువు తక్కువుండాలి, భుజానికి హాయిగా ఉండాలి. ఇంకేం వద్దు" అన్నాడు. నేను బుద్ధిగా తలూపాను. తలూపుతూనే, భూమ్మీద ఇంతవరకూ ఎవరూ గియ్యని ఆకారం ఒకటి మనసులో గీసేసుకున్నాను.

పనిలో లోటు చెయ్యలేదు, అది మాత్రం గట్టిగా చెబుతాను. బాడీకి ఎండిన పనస చెక్క తీసుకున్నాను. బొబ్బిలి వీణ పుట్టేది ఆ కర్రలోంచే. ఫింగర్‌బోర్డుకి జిట్రేగి. తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే మెడ చివర తీగలు ఆనే నట్ నుంచి మొదటి ఫ్రెట్, అంటే మెట్టు, ఎంత దూరంలో ఉండాలో వస్తుంది, 36.37 మిల్లీమీటర్లు. పన్నెండో ఫ్రెట్ సరిగ్గా సగంలో, 324 దగ్గర పడాలి. ఒక ఫ్రెట్ నుంచి ఇంకో ఫ్రెట్‌కి కొలుచుకుంటూ పోతే చిన్న చిన్న తేడాలు పోగుపడి పైకి వెళ్లేసరికి అపశ్రుతి పలుకుతుంది. అందుకని ప్రతిదాన్నీ నట్ నుంచే కొలిచాను. వెంట్రుకంత సన్నటి రాగి తీగని వేల చుట్లు చుట్టి, తీగల కదలికని పట్టే పికప్‌లు కూడా నేనే చేసుకున్నాను.

ఇంత నిక్కచ్చిగా ఉన్నవాణ్ణి ఆకారం దగ్గరికొచ్చేసరికి ఒళ్లు మరిచాను. స్ట్రాటోకాస్టర్ అనే గిటార్ పై కొమ్ము చూశారా, ఎంత ముందుకి సాగి ఉంటుందో? బెల్టు తగిలించే గుండీ దాని చివర, దాదాపు పన్నెండో ఫ్రెట్‌కి ఎదురుగా వస్తుంది. గిటార్ బరువు నిలబడేది దానివల్లే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే ఆ కొమ్ము కోసేశాను, నా బొమ్మకి అది అడ్డమని. బరువు తగ్గించమన్నాడు కదా అని బాడీ లోపల తొలిచేశాను. మెడ చివరి తలకాయ మాత్రం అరచేతి వెడల్పున పెట్టి, మెరిసే బరువైన బిరడాలు ఆరూ బిగించాను. ఇటు తేలిక, అటు బరువు!

ఆదివారం నేనే వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. గిటార్ బయటికి తియ్యగానే పిల్లలు ఆ ఆకారం వంక వేలు చూపించారు, నా ఛాతీ చర్చి గోడల్ని తాకింది, పాట మొదలైంది, కుర్రాడు పాటల పుస్తకం పేజీ తిప్పడానికి ఎడమ చెయ్యి తీశాడు, మెడ జర్రున కిందికి జారింది, తలకాయ వెళ్లి మైకు స్టాండుకి తగిలింది, స్పీకర్లలో పిడుగు పడ్డట్టు ఢామ్మంది, పాట ఆగింది, వాళ్ల అమ్మగారు వెనక్కి తిరిగి నావైపే చూశారు.

ఆ అబ్బాయి కోప్పడలేదు. "అన్నా, చాలా బాగుందన్నా. కానీ ఎడమ చేత్తో వాయించాలా, మొయ్యాలా?" అని అడిగాడు. ఇంతకంటే సూటి ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆ స్ట్రాటోకాస్టర్ తయారుచేసిన లియో ఫెండర్‌కి గిటార్ వాయించడం రాదు. రాదు కాబట్టే వాయించడం వచ్చినవాళ్ల చేతికిచ్చి, వాళ్లు చెప్పింది విన్నాడు. అంతకుముందు చేసిన టెలికాస్టర్ గిటార్ అంచులు పక్కటెముకలకి ఒత్తుకుంటున్నాయని వాళ్లంటే, 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌కి ఒంటికి ఒదిగేలా అంచులు చెక్కించాడు. నాకు వాయించడం వచ్చు. వచ్చన్న ధీమాతో, ఎదురుగా నిలబడి అడిగినవాడి మాటే చెవిని పెట్టలేదు.

మెడ స్క్రూలతో బిగించిందే కనుక ఊడదీసి, పొడుగు కొమ్ముతో కొత్త బాడీ చేసి దానికి బిగించాను. తలకాయ చిన్నది చేసి, బిరడాలు తేలికవి వేశాను. పైసా తీసుకోలేదు. అతనిప్పుడు దాన్నే వాయిస్తున్నాడు.

మీలో ఎవరైనా గిటార్ కొంటుంటే, షాపులో స్టూలు మీద కూర్చుని వాయించి తెచ్చేసుకోకండి. బెల్టు తగిలించుకుని నిలబడండి. రెండు చేతులూ వదిలెయ్యండి. మెడ కిందికి జారిందా, చేసినవాడు ఎంతటివాడైనా సరే, నేనైనా సరే, తిరిగిచ్చెయ్యండి.