వార్డులో మంచాలు పంచే మెలకువలు

నెల్లూరులో నర్సింగ్ చదువుతూ వార్డు డ్యూటీకొచ్చిన చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ! సిస్టరమ్మ టీకి పోతా "వచ్చేవాళ్ళకు బెడ్లు చూడండమ్మా" అంటే కంగారు పడబాకండి. ఈ చిట్కాలు చాలు.

1. ముందు ఊరడగండి, జబ్బు తర్వాత. మైపాడు నుంచి మూడు వారాలుగా దగ్గుతూ వచ్చినాయన్ని, అదే ఊరి నుంచి షుగరు పుండుతో వచ్చినాయన పక్కన వేయండి. కబుర్లకు తోడు. తెమడ పరీక్ష రిపోర్టు వచ్చేదాకా మాస్కు కట్టి, గాలాడే విడి గదిలో ఉంచాలని పుస్తకం అంటుంది. విడి గదిలో ఆఫీసరు గారి బావమరిది ఉన్నారు. ఆయనకు కడుపుబ్బరం.

2. ఆటలమ్మ పోసిన పిల్లను ఫ్యాను కింద పడుకోబెట్టండి. చల్లగా ఉంటుంది, గాలి వార్డంతా తిరుగుతుంది. పొక్కులన్నీ చెక్కులు కట్టేదాకా ఆగడమెందుకు? పక్క మంచంలో కీమోతో తెల్లకణాలు పడిపోయిన బిడ్డ ఉంటే మరీ మంచిది, ఇద్దరికీ ఒకే వేపమండ.

3. రొయ్యల గుంటల కాడి నుంచి డెంగీతో వచ్చిన కుర్రాడికి మాత్రం అందరినీ దూరం జరపండి. డెంగీ మనిషి నుంచి మనిషికి అంటదు, దోమ కుట్టకుండా చూస్తే చాలనే మాట నమ్మబాకండి. దోమతెర మడిచి వాళ్ళమ్మకు దిండుగా ఇవ్వండి.

4. జ్వరంలో సంధి మాటలాడుతూ రాత్రిళ్ళు లేచి నడిచే తాతను నర్సుల బల్లకు దూరంగా, బాత్రూం పక్క మూలన వేయండి. పడితే చప్పుడొస్తుంది గదా!

5. విరేచనాలాయనకూ నిన్న ఆపరేషనైనాయనకూ ఒకే దొడ్డి చూపించండి. స్వర్ణాల చెరువు కాడ రొట్టెలు మార్చుకున్నట్టు ఇచ్చిపుచ్చుకుంటారు. మీ చేతులకు శానిటైజర్ చుక్క చాలు. క్లాస్ట్రిడియం డిఫిసిల్ స్పోర్లు దానికి చావవు, సబ్బూ నీళ్ళతో కడిగి వదిలించాలంటారు గానీ, కుళాయి దాకా ఎవరు పోతారు?

6. రెండు మంచాల మధ్య మీటరు ఖాళీ కనబడితే మూడోది ఇరికించండి. 2021 మేలో కృష్ణపట్నంలో కరోనా మందు కోసం జనం తోసుకున్నప్పుడు అడ్డురాని దూరం ఇప్పుడెందుకు?

పరీక్షలో ఈ ప్రశ్నొస్తే మాత్రం అన్నీ తిరగేసి రాయండి, నిండా మార్కులు పడతాయి. పేపరు దిద్దేది పేషెంట్లు కాదు గదా!