ఫ్లెక్సీ మాస్టారు

బందరు కోనేరు సెంటర్లో ఫ్లెక్సీలు వేసే కుర్రాడికి మా మాస్టారంటే దడ. పాఠం తయారు చెయ్యడానికి ఆయనకి ఒక పూట చాలు. దానికి పేరు కుదరాలంటే మూడు రోజులు, ఆరు ప్రూఫులు.

మొదట్లో చెప్పింది ట్యూషనే. అరుగూ, చాపా, నల్లబల్లా. ట్యుటోరియల్ అయ్యాక రేకుల షెడ్డు వచ్చింది. కోచింగ్ సెంటరయ్యాక ఫ్యాన్లు, అకాడమీ అయ్యాక ఏసీ. లెక్క మటుకు అదే. ఇరవై ఏళ్లుగా ఆ రైలు ఆ ప్లాట్‌ఫారమే దాటుతోంది.

ఆయన్ననేం లాభం? చిలకలపూడి ఉన్న ఊరిది, ఇత్తడికి పూత పెట్టి దేశమంతా అమ్మిన ఊరు. ఆ మాటకొస్తే 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభిగారూ ఇక్కడే కళాశాల తెరిచినప్పుడు దానికి ‘ఆంధ్ర జాతీయ’ అని ఊరికే పెట్టారా? (వాళ్ల మాట వెనక నేతా, వడ్రంగం ఉన్నాయనుకోండి.)

గుడివాడలో ‘వర్క్‌షాప్’ అని ఫ్లెక్సీ కట్టిస్తే ఒకాయన ట్రాక్టరు తోలుకొచ్చాడు. అవనిగడ్డలో ఇలాంటి పేర్లు అసలు సాగవు. ఎక్కడెక్కడి జిల్లాలవాళ్లో డీఎస్సీ కోసం వచ్చి గదులు అద్దెకి తీసుకునే ఊరది. వాళ్లడిగేవి రెండే: బ్యాచ్ ఎప్పుడు, మెటీరియల్ ఇస్తారా? 2025లో 16,347 పోస్టులకి మెగా డీఎస్సీ పడగానే మాస్టారిది మెగా బ్యాచ్ అయిపోయింది. ‘‘గవర్నమెంటే మెగా అన్నాక నేను మినీ అంటే ఎవడొస్తాడ్రా?’’

పేచీ ‘బుకింగ్’ దగ్గరొచ్చింది. ‘ముందుగా సీటు బుక్ చేసుకోండి’ అని ఫోను నంబరుతో వేయించారు. మర్నాడు తెల్లారకుండానే నాగాయలంక నుంచి ఒకావిడ: ‘‘బాబూ, హైదరాబాదుకి కింది బెర్తుందా?’’ ఇంకొకాయన మాఘమాసంలో హాలు ఖాళీ ఉందా అనడిగి, వంటసామాను కూడా మీదేనా అన్నాడు. సాయంత్రానికల్లా ఆ మాట కొట్టేయించి, పాత మాటే పెట్టించారు: ‘అడ్మిషన్లు జరుగుచున్నవి.’ ఆ గ్రాంథికానికి ఉన్న గిరాకీ ఏ ఇంగ్లీషు ముక్కకీ లేదు. పైగా అది అబద్ధమూ కాదు, ఏడాది పొడుగునా జరుగుతూనే ఉంటాయి.

నిన్న కొత్తది కట్టారు: ‘ఇంటెన్సివ్ మాస్టర్‌క్లాస్’. కుర్రాడు నిచ్చెన దిగుతుండగానే ఒక తల్లి పిల్లాడి రెక్క పట్టుకుని వచ్చింది.

‘‘మాస్టారూ, ఇక్కడ ట్యూషన్ చెప్పేది మీరేనాండీ?’’

మాస్టారు ఒకసారి ఫ్లెక్సీ వంక చూశారు, ఒకసారి ఆవిడ కొంగుముడి వంక చూశారు.

‘‘నేనేనమ్మా’’ అన్నారు.