ఆటోనగర్ బాబాయి

రేడియేటర్ కారుతోందన్న మాట ఇంట్లో గట్టిగా అనకండి. అన్నారంటే అరగంటలో బాబాయి దిగుతాడు. "షోరూంకి వెళ్దామనుకున్నావా? అక్కడ ఏసీ బిల్లు కూడా మనమే కట్టాలబ్బాయ్" అంటూ బానెట్ ఎత్తేస్తాడు. బ్యాంకులోనో ఇరిగేషన్‌లోనో చేసి రిటైరైన మనిషే, కానీ ప్రాణమంతా బెజవాడ ఆటోనగర్‌లోనే ఉంటుంది.

మొదటి వైద్యం ఆయనదే. "వదినా, పసుపు డబ్బా ఇలా ఇవ్వండి!" లారీ డ్రైవర్ల దగ్గర పట్టిన విద్య అది. చిల్లు సన్నదైతే పసుపు కాసేపు ఆపుతుంది కూడా. ఆ తర్వాత కారేచోట మానేసి లోపలి సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. కారు మళ్ళీ కారడం, వదినగారు పసుపు మళ్ళీ కొనుక్కోవడం అయ్యాక ఆటోనగర్ ప్రయాణం ఖాయమవుతుంది.

ఆ దారంతా అంబాసిడర్ పురాణం. అప్పట్లో రేడియేటర్ అంటే రాగి, ఇత్తడి. చిల్లు పడితే మాటు వేయించుకుని పోవడమే. పూర్తిగా పాడైనా రాగి తూకానికి డబ్బులొచ్చేవి. ఇప్పటివి అల్యూమినియం జాలీకి రెండు పక్కలా ప్లాస్టిక్ ట్యాంకులు నొక్కి బిగించినవి. ఆ ప్లాస్టిక్ ఎండకీ వేడికీ పెళుసెక్కి అతుకు దగ్గర చిట్లుతుంది. బాబాయి దాన్ని గోటితో కొట్టి, "ఇది ప్లాస్టిక్‌రా!" అంటాడు, పాలలో నీళ్ళు పట్టుకున్నవాడిలా.

కొట్టులో మాత్రం ఆయన్ని చూసి తీరాలి. అట్టపెట్టె విప్పించి, రేడియేటర్ రెండు చేతుల్లో ఎత్తి బరువు చూస్తాడు. వెలుతురుకి అడ్డం పెట్టి జాలీ రేకులు ఎక్కడైనా వంగాయేమో చూస్తాడు. పెట్టె మీద పేరు అక్షరం అక్షరం చదువుతాడు, ఒక్క అక్షరం మార్చి అచ్చేసేవాళ్ళు ఉంటారు కాబట్టి. "కార్ల కంపెనీ రేడియేటర్ తయారు చేయదబ్బాయ్. ఇంకోడి దగ్గర కొని తన డబ్బాలో పెడుతుంది. ఆ ఇంకోడు అదే సరుకు తన డబ్బాలో పెట్టి తక్కువకి అమ్ముతాడు." చాలా కార్ల విషయంలో ఇది నిజమే. ఇక్కడిదాకా బాబాయిని మించినవాడు లేడు. తీరా ఆ తక్కువ ధర చూశాక, ఇంకా తక్కువలో ఏముందని అడుగుతాడు. కొట్టతను పై అర నుంచి పేరూ ఊరూ లేని పెట్టె ఒకటి దించుతాడు.

"సేమ్ టు సేమ్ గురువుగారూ."

"చూశావా, సేమ్ టు సేమ్!"

అది డీజిల్ బండిదని కొట్టులోని కుర్రాడు నసుగుతాడు. "పెట్రోలైనా డీజిలైనా లోపల తిరిగేది నీళ్ళేగా!" ఆఖరి రూ.50 దగ్గర బేరం పావుగంట నడుస్తుంది. బాబాయే గెలుస్తాడు.

బిగించేటప్పుడు బోల్టు కన్నం అర అంగుళం పక్కకుంటుంది. "కాస్త గీకితే సరిపోద్ది." ఫ్యాన్ తొడుగు ఆనదు. దానికి పాత ట్యూబు ముక్క, రెండు ప్లాస్టిక్ ట్యాగులు. మెకానిక్ కొత్త థర్మోస్టాట్ అడిగితే ఉన్నదే పీకించేస్తాడు. "అది చలిదేశాల వాళ్ళకిరా. బెజవాడ ఎండకి ఎందుకు?" ఇంజన్ 80 డిగ్రీలు దాటేదాకా నీళ్ళని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపేది ఆ చిన్న బిళ్ళే. అది లేకపోతే ఇంజన్ సరిగ్గా వేడెక్కక మైలేజీ పడిపోతుంది. ఆ సంగతి తర్వాత పెట్రోల్ బంకులో బయటపడుతుంది, అక్కడికి బాబాయి రాడు.

కూలెంట్ అంటే ఆయన దృష్టిలో రంగునీళ్ళు. "మా అంబాసిడర్ పాతికేళ్ళు కృష్ణా నీళ్ళే తాగింది." ఇప్పుడు పోసేది కృష్ణ కాదు, అపార్ట్‌మెంట్ బోరునీళ్ళు. బకెట్టులో వేడిచేస్తే హీటరుకి పట్టే తెల్లటి సున్నమే ఇంజన్ లోపలా పడుతుంది. పాత మూత మార్చనివ్వడు, "మూతకేం రోగం?" అంటాడు. ఆ మూత మీద 0.9 అనో 1.1 అనో ఉండే అంకె అది పట్టి ఉంచే ఒత్తిడి. ఆ ఒత్తిడి వల్లే 100 దగ్గర మరగాల్సిన నీళ్ళు దాదాపు 120 డిగ్రీలదాకా ఓర్చుకుంటాయి. స్ప్రింగు సడలిన మూత పెట్టాక రేడియేటర్ ఎంత కొత్తదైనా ఏం లాభం? ట్రాఫిక్‌లో ముల్లు ఎర్రగీత ఎక్కుతుంది. బాబాయి పక్క సీట్లోంచి, "మీటర్ తప్పు చూపిస్తోంది, పోనీ" అంటాడు. అలా పోనిస్తే తర్వాత పోయేది హెడ్ గ్యాస్కెట్. ఆ బిల్లులో పది రేడియేటర్లు రాకపోయినా నాలుగైనా వస్తాయి.

బయటి రేడియేటర్ కొనడం తప్పేం కాదు. పేరున్న సప్లయర్ డబ్బా, మీ బండి మోడల్‌కీ ఇంధనానికీ సరిపడేది, కొత్త మూత, కూలెంట్ తీసుకుంటే చాలు. బేరానికి తప్పకుండా బాబాయినే వెంటబెట్టుకెళ్ళండి, ఆ రూ.50 మీకు తగ్గించరు. బిగించడం మొదలుపెట్టే వేళకి మాత్రం పిన్నికి చెప్పి, భోజనానికి రమ్మని ఫోన్ చేయించండి.